‘ఇప్పుడు ఆపితే అంతా పోతుంది’ అంటారు!

ప్రశ్న: మాది విజయవాడ. పెళ్లయి ఏడేళ్లు, ఐదేళ్ల బాబు ఉన్నాడు. మా వారు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు, పనిలో లోటు రానివ్వరు. కానీ నాలుగు నెలలుగా పీఎస్5 (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం)లో ‘రిటర్నల్’ అనే గేమ్ పట్టుకున్నారు. రాత్రి కూర్చుంటే లేచేసరికి ఒంటిగంట, రెండు. భోజనానికి పిలిస్తే ‘ఇప్పుడు ఆపితే అంతా పోతుంది’ అని కసురుతారు. ఓడిపోతే కంట్రోలర్‌ని సోఫాకేసి కొడతారు. అది చూసి బాబు రిమోట్ విసరడం నేర్చాడు. మొన్న కోపం ఆపుకోలేక మెయిన్ స్విచ్ కట్టేశాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ‘తాగుడా, తిరుగుడా, ఆడుకోనీ’ అంటారు అత్తయ్య. ఇది వ్యసనమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ ‘అంతా పోతుంది’ సంగతి చూద్దాం. అది వంక కాదు, నిజమే. ఈ ఆటలో సెలీన్ అనే వ్యోమగామి అట్రోపోస్ గ్రహం మీద కూలిపోతుంది. చనిపోయిన ప్రతిసారీ మళ్లీ ఆ కూలిన నౌక దగ్గరే కళ్లు తెరుస్తుంది. అప్పటిదాకా ఏరుకున్న తుపాకులు, శక్తులు చాలావరకు పోతాయి, దారులు కూడా మారిపోతాయి. ఒక దెబ్బా తినకుండా ముగ్గురు శత్రువులను చంపితే ఆటలో ‘అడ్రినలిన్’ అనే బలం ఒక మెట్టు పెరుగుతుంది. అలా ఐదు మెట్లు ఎక్కాక ఒక్క దెబ్బ తగిలినా మొత్తం జారిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో వంటింట్లోంచి మీ పిలుపు వినిపిస్తే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. మీరు స్విచ్ కట్టేసిన రాత్రి గంటన్నర కష్టం పోయి ఉండవచ్చు. ఆ ఒక్క పనికి ముందుగా మీరే సారీ చెప్పండి, తప్పులేదు.

అయితే ఆయన మాటలో సగమే నిజం. 2021 ఏప్రిల్‌లో ఆట విడుదలైనప్పుడు మధ్యలో సేవ్ చేసుకునే వీలు ఉండేది కాదు. అదే ఏడాది అక్టోబరు అప్‌డేట్‌లో ‘సస్పెండ్ సైకిల్’ అనే సదుపాయం వచ్చింది. సైకిల్ అంటే నౌక దగ్గర మొదలై చనిపోయేదాకా సాగే ఒక విడత ఆట. ఇప్పుడు మధ్యలో ఆపి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ‘బాస్’ అనే పెద్ద శత్రువుతో పోరులో ఉన్నప్పుడు మాత్రం కుదరదు. కాబట్టి ‘ఆటలో ఈ గది అయ్యాక వస్తాను’ అంటే ఒప్పుకోండి, ‘ఈ రాత్రికి కుదరదు’ అంటే ఒప్పుకోకండి. మీరూ ‘ఐదు నిమిషాల్లో రా’ అనకండి, ఆ ఐదు నిమిషాల దగ్గరే మీ గొడవలన్నీ మొదలవుతున్నాయి. ఎప్పుడు లేవాలన్నది కాకుండా ఎప్పుడు కూర్చోవాలన్నది మాట్లాడుకోండి. భోజనం, బాబు నిద్ర అయ్యాకే ఆట. పని రోజుల్లో పదిన్నర దాటాక కొత్త సైకిల్ మొదలుపెట్టకూడదు. శుక్ర, శనివారాలు ఆయన ఇష్టం.

ఇక వ్యసనం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా మానలేకపోవడం సాధారణంగా ఏడాదిపాటు సాగితే ఆ పేరు పెడతారు. మీరు రాసినదాన్నిబట్టి మీ వారికి ఆ పేరు నేను పెట్టను. అలాగని అత్తయ్యగారి లెక్కా ఒప్పుకోను. తాగకపోవడం భర్తకు మార్కులు వేయాల్సిన గుణమా? రెండింటికి పడుకున్న మనిషి పొద్దున్నే బాబును స్కూలుకు తయారు చేస్తున్నారా, లేక ఆ పనంతా మీ మీదే పడుతోందా? ఆయన్ని మీరు అడగాల్సింది ఇదీ.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ రిమోట్. ఓడిపోయినప్పుడు ఏం చేయాలో మీ బాబు నాన్నను చూసే నేర్చుకుంటున్నాడు. ఈ ఆటలో ఓటమి తప్పదు, ఆరితేరినవాళ్లూ చస్తూనే ఉంటారు. కంట్రోలర్ విసిరే దాకా వస్తే ఆ రాత్రికి ఆట కట్టేయాలి. ఈ మాట మీరు కాదు, ఆయనే బాబు ముందు చెప్పాలి. ఆయనతో స్నేహం కోసం మీరు పక్కన కూర్చుని ఆ గేమ్ చూడక్కర్లేదు, మీకు ఇష్టం లేకపోతే లేదు.

ఆదివారం మధ్యాహ్నం బాబు పడుకున్నాక ఈ జవాబు ఆయనకు ఇచ్చి చదవమనండి. ఆట లేని వేళల్లో కూడా ఆ కోపం కనిపిస్తున్నా, ఆఫీసు పని దెబ్బతింటున్నా 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సలహాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైను, తెలుగులో మాట్లాడవచ్చు.