హెలికాప్టర్‌లో ఐఎఫ్ఆర్: ఆటోపైలట్ ఉంటే రెండో పైలట్ అవసరమా?

ఆటోపైలట్ సక్రమంగా పనిచేస్తున్న హెలికాప్టర్‌ను మబ్బుల్లో నడపడానికి ఒక్క పైలట్ సరిపోడా, రెండో వ్యక్తి జీతం దండుగ కాదా, ఒంటరిగా ఐఎఫ్ఆర్ (బయట ఏమీ కనబడకపోయినా పరికరాల ఆధారంగా ఎగిరే పద్ధతి) నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. ముంబై హై చమురు క్షేత్రానికి ఇద్దరు పైలట్ల హెలికాప్టర్లలో కొన్నేళ్లు పనిచేసి, ఆ తరువాత విదేశంలో ఒక్కడినే ఐఎఫ్ఆర్ నడిపిన అనుభవంతో చెబుతున్నాను. ప్రయాణికులతో రాత్రిపూట గానీ, సముద్రం మీద గానీ, వానాకాలపు మబ్బుల్లో గానీ వెళ్లేటప్పుడు ఇద్దరు ఉండి తీరాలి. అయితే ఆ రెండో పైలట్ ఏం చూడాలో, ఎప్పుడు నోరు విప్పాలో ముందే నిర్ణయించుకోకపోతే అతను పక్కన కూర్చున్నందువల్ల కలిగే మేలు చాలా తక్కువ.

విమానాన్ని ట్రిమ్ చేసి, అంటే నియంత్రణలు ఉన్నచోటే నిలిచేలా సర్ది, చేతులు తీస్తే అది కొంతసేపు తన దారిన తాను పోతుంది. హెలికాప్టర్‌లో స్థిరీకరణ వ్యవస్థ లేకుండా సైక్లిక్ (హెలికాప్టర్‌ను ముందుకు, పక్కలకు వాల్చే కర్ర) వదిలితే కొద్ది సెకన్లలోనే అది ఒక పక్కకు వాలిపోతుంది. కుడిచెయ్యి సైక్లిక్ మీద, ఎడమచెయ్యి కలెక్టివ్ (పైకి లేపే శక్తిని పెంచి తగ్గించే మీట) మీద ఉండగా ఏటీసీ, అంటే నేల మీది విమాన నియంత్రణ కేంద్రం, కొత్త క్లియరెన్స్ (ఏ దారిన, ఏ ఎత్తున వెళ్లాలో అనుమతి) చదివితే, కుడిచేతివాటం మనిషి దాన్ని మోకాలి మీది కాగితంపై దేనితో రాసుకుంటాడు? ఒంటరిగా ఎగిరే పైలట్‌కు ఆటోపైలట్ అంటే ముందుగా ఆ చెయ్యి ఖాళీ కావడమే. అందుకే అమెరికాలో ప్రయాణికులతో ఐఎఫ్ఆర్ వెళ్లే చార్టర్‌కు సహపైలట్ ఉండాలన్నది మూల నియమం కాగా, పది కంటే తక్కువ ప్రయాణికుల సీట్లున్న యంత్రంలో ఆమోదం పొందిన ఆటోపైలట్ ఉండి, ఆ రకం యంత్రం మీద పైలట్‌కు కమాండర్‌గా కనీసం 100 గంటల అనుభవం ఉంటే మినహాయింపు ఇస్తారు.

కానీ ఆటోపైలట్ చెప్పింది చేస్తుందే తప్ప, చెప్పింది తప్పయితే గుర్తు చేయదు. 2013 ఆగస్టు 23న స్కాట్లాండ్‌కు చెందిన షెట్లాండ్ దీవుల్లోని సంబరో వద్ద ఒక సూపర్ ప్యూమా హెలికాప్టర్ దిగుతూ దిగుతూ సముద్రంలో పడి, అందులోని 18 మందిలో నలుగురు చనిపోయారు. దిగే రేటును ఆటోపైలట్‌కు అప్పగించి, శక్తిని మాత్రం పైలట్ కలెక్టివ్‌తో సర్దుతున్నారు. ఇచ్చిన శక్తి చాలకపోవడంతో, ఆ రేటును నిలబెట్టడానికి ఆటోపైలట్ ముక్కును పైకెత్తుతూ పోయింది, దానితో వేగం పడిపోయింది. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఉన్నారు. వేగం ఎంతుందో చూసి పైకి చెప్పవలసిన క్షణంలో ఆ పని జరగలేదు. ఇక్కడ ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఐఎఫ్ఆర్‌కు ఆమోదం పొందిన ప్రతి హెలికాప్టర్‌కూ పరికరాల మీద ఎగరడానికి ఒక కనీస వేగం నిర్ణయించి ఉంటుంది, అంతకన్నా తగ్గితే బయట నేల కనబడకుండా ఎగరడానికి అనుమతి లేదు. కాబట్టి అప్రోచ్‌లో, అంటే దిగడానికి రన్‌వే వైపు వెళ్లేటప్పుడు, రెండో పైలట్ నోటి నుంచి ఎత్తుతో పాటు వేగం కూడా వినబడాలి.

మన రాష్ట్రంలో జరిగిన దుర్ఘటన ఇంకా మనసును కలచివేస్తుంది. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించారు. హెలికాప్టర్ తీవ్రమైన అధోముఖ గాలిలో చిక్కి అదుపు తప్పిందని విచారణలో తేల్చారు. అంతకుముందు సిబ్బంది ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్యకు పరిష్కారం వెతకడంలో నిమగ్నమయ్యారని కూడా అందులో ఉంది. ఆ ఇద్దరి అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సమస్య వచ్చినప్పుడు ఒకరు పుస్తకం తీస్తే, రెండోవారు ఎగరడం, వాతావరణం చూడడం తప్ప మరేమీ చేయకూడదన్న నియమాన్ని చమురు క్షేత్రంలో మా శిక్షకులు ఎందుకంత పట్టుబట్టి నేర్పారో నాకు ఆ వివరాలు చదివాక మరింత బాగా అర్థమైంది.

ఒంటరిగా నడిపినప్పుడు నాకు చేతి పని ఎన్నడూ పెద్ద భారం కాలేదు, ప్రణాళిక మారినప్పుడే భారమయ్యేది. ఒక రాత్రి గమ్యం దగ్గర మబ్బు కిందికి దిగింది. ఏటీసీ వేరే రన్‌వే అప్రోచ్ చెప్పింది, అప్పుడే ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి ఇంధనం సరిపోతుందో లేదో లెక్కగట్టవలసి వచ్చింది. ఇద్దరుంటే ఈ మూడు పనులూ వేరువేరు తలల్లో ఏకకాలంలో సాగేవి. ఒక్కడినే కాబట్టి నేను హోల్డింగ్ (ఒకచోటే చుట్లు తిరుగుతూ వేచి ఉండడం) అడిగి, ఎత్తును, దిశను ఆటోపైలట్‌కు అప్పగించి, ఒక్కొక్క పనినే పూర్తిచేశాను. అప్రోచ్ చార్టును ఒక్క చూపులో చదవగలిగినంత మాత్రం చదివి, కళ్లు మళ్లీ పరికరాల మీదికి తెచ్చి, ఆ తరువాతే ఇంకొక వాక్యం చదివాను. సమయం అడగడానికి మొహమాటపడే పైలట్ ఒంటరి ఐఎఫ్ఆర్ జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

ఇక ఖర్చు విషయానికి వస్తే, 2020 జనవరి 26న కాలిఫోర్నియాలోని కాలబాసస్ వద్ద బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మిది మంది మరణించిన ఎస్-76 హెలికాప్టర్‌లో పైలట్ ఒక్కరే. ఆ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (పరికరాల మీద ఎగరడానికి అర్హత) ఉంది, యంత్రానికి ఆటోపైలట్ ఉంది. ఆ హెలికాప్టర్‌ను నడిపిన సంస్థకు మాత్రం ఐఎఫ్ఆర్ నడిపే అనుమతి లేదు. మబ్బులో దిశాభ్రమకు లోనై, పైకి వెళుతున్నానని ఏటీసీకి చెబుతూనే ఆయన కిందికి దిగుతున్నారు. రేటింగ్ కాగితం మీద ఉండడం వేరు, సంస్థ ఐఎఫ్ఆర్‌నే రోజువారీ పద్ధతిగా నడిపి, దానికి శిక్షణ ఇవ్వడం వేరు. జీతం లెక్క వేసేటప్పుడు ఈ శిక్షణ ఖర్చు కూడా కలిపి చూడండి. ఒక్క పైలట్‌తో నడిపే సంస్థకు అది తగ్గదు, పెరుగుతుంది.

నేర్చుకునే క్రమం విషయానికి వస్తే, ముందు కొన్నేళ్లు ఇద్దరు పైలట్ల కాక్‌పిట్‌లో రెండో సీటులో కూర్చుని పర్యవేక్షణ నేర్చుకోండి. ఎదుటివారి వేగం తప్పుతున్నప్పుడు పైకి చెప్పే అలవాటు పడితే, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మీకు మీరే గట్టిగా చెప్పుకుంటారు, నేను ఇప్పటికీ చెప్పుకుంటాను. సిమ్యులేటర్‌లో ఆటోపైలట్‌ను మధ్యలో ఆపేయమని శిక్షకుణ్ని అడిగి, మిస్డ్ అప్రోచ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) వరకు చేత్తో నడపండి. అది తడబాటు లేకుండా చేయగలుగుతున్నప్పుడు ఒంటరి ఐఎఫ్ఆర్ చెక్‌కు, అంటే ఆ పరీక్షకు, దరఖాస్తు చేసుకోండి.