మనిషి బాగానే తిరుగుతున్నాడుగా, ఇంకేం కష్టం అంటున్నారు

ప్రశ్న: ఐదు నెలల క్రితం మావారి బైకుని లారీ గుద్దింది. తలకి ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. ఇప్పుడు నడుస్తున్నారు, తింటున్నారు, కానీ మునుపటి మనిషి కాదు. ఊరికే అరుస్తారు, అడిగిందే అడుగుతారు, ఎవరడిగినా ఫోన్‌లో డబ్బులు పంపేస్తారు. మొన్న మా తొమ్మిదేళ్ల బాబుని కొట్టారు. నా మాటల వల్లే ఆయనకి కోపం వస్తోందని అత్తగారు అంటారు. బాబుని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతే పాపమా?
(ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి)

జవాబు: పాపం సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు బాబు. వాణ్ని ఆయన దగ్గర ఒక్కణ్నీ వదలకండి, మీరు లేని వేళ పక్కింట్లో ఉన్నా సరే. "నాన్న తలకి దెబ్బ తగిలింది, అందుకే అలా అరుస్తున్నాడు, నువ్వేం తప్పు చేయలేదు" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పండి, ఎందుకంటే పిల్లలు ఇలాంటివన్నీ తమ వల్లే అనుకుంటారు. మీ మీద చెయ్యెత్తినా అంతే, వాదించకుండా బయటికి వచ్చేయండి. భయం వేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఆయనకి ఆరోగ్యం బాగాలేదు కాబట్టి మీరు దెబ్బలు తినాలని ఎక్కడా లేదు.

ఇక ఆయన సంగతి. నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన కోపానికీ తొందరపాటుకీ కళ్లెం లాంటిది. అక్కడ దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ బాగానే ఆడతాయి, కళ్లెం మాత్రం తెగిపోతుంది, పైగా తనలో తేడా వచ్చిందని చాలామందికి తెలియను కూడా తెలియదు. మీరు రాసినవి చూస్తే అలాగే ఉంది. "మీరు మారిపోయారు" అని మీరెంత చెప్పినా ఆయనకి ఎక్కదు, గొడవే పెరుగుతుంది. సాయంత్రానికి మెదడు అలిసిపోతుంది, అప్పుడు టీవీ మోత, చూడ్డానికొచ్చిన చుట్టాలు, నలుగురూ ఒకేసారి అడిగే ప్రశ్నలు ఉంటే ఎవరు భార్యగా ఉన్నా అరుస్తారు. చుట్టాల్ని కొన్నాళ్లు రావద్దనండి, ఏమనుకున్నా ఫర్వాలేదు.

ఒక ముఖ్యమైన మాట. తల ఆపరేషన్ తర్వాత ఫిట్స్ రాకుండా మాత్రలు ఇస్తారు. వాటిలో లెవెటిరసెటామ్ అనే మందు కొందరిలో చిరాకు, కోపం బాగా పెంచుతుంది. చీటీ మీద ఆ పేరుందేమో చూసి డాక్టరుని అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు ముందు ఆ పది నిమిషాలూ ఆయన చక్కగా మాట్లాడతారు, మీరు చెప్పేది అబద్ధంలా ఉంటుంది. అందుకే ఏ రోజు ఏ వేళకి ఏం జరిగిందో రాసి పెట్టుకుని, విడిగా టైమడిగి చూపించండి. ఈసారి అత్తగారిని కూడా తీసుకెళ్లండి. మీరు చెబితే కోడలి మాట అవుతుంది, అదే డాక్టరు చెబితే వింటారు. కొడుకు బతికొచ్చాడన్న సంతోషంలో ఉన్న ఆవిడకి మిగతాది కనబడకపోవడంలో వింతేమీ లేదు.

ఫోన్‌కి కలిపిన ఖాతాలో ఖర్చుకి సరిపడా ఉంచి మిగతాది వేరే ఖాతాకి మార్చండి. డాక్టరు సరేననే దాకా బండి తాళాలు మీ దగ్గరే ఉండాలి, మద్యం అసలు ముట్టనివ్వద్దు.

పుట్టింటికి వెళ్లండి, తప్పు లేదు. నెలకో వారం బాబుతో వెళ్లి నిద్రపోయి రండి, ఆ వారం అత్తగారూ మరుదులో ఆడపడుచులో ఎవరుంటే వాళ్లూ చూసుకుంటారు. మీ మాటల వల్లే కోపం వస్తోందో లేదో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. పూర్తిగా విడిపోవాలా అన్న నిర్ణయం మాత్రం ఇప్పుడే వద్దు. మంచి మార్పు మొదటి నెలల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా ఏడాదీ రెండేళ్లూ వస్తూనే ఉంటుంది, ఎంతవరకు అనేది ఎవరూ చెప్పలేరు. ఏడాది దాటాక కూడా మీరూ బాబూ భయపడుతూనే బతకాల్సి వస్తే, అప్పుడు విడిగా ఉండటాన్ని నేను తప్పుపట్టను. ఎదురుగా ఉన్న మనిషిలో పాత మనిషి లేడని ఏడుపొస్తోందంటే మీకేదో అయిందని కాదు, ఇలాంటి ఇళ్లన్నిటిలో ఉన్నదే. రాత్రి పూట తట్టుకోలేకపోతే మానసిక సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్‌కి, 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

లారీ మీద నష్టపరిహారం క్లెయిమ్ వేశారో లేదో రాయలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్‌లో వేయాలి, మీకు ఇంకో నెలే ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు పట్టుకుని ఈ వారంలోనే లాయర్ని కలవండి. ఆయన్ని చూసుకునే మనిషికయ్యే ఖర్చు కూడా అడగమనండి, "నడుస్తున్నాడు కదా" అని అది వదిలేస్తారు.