సున్నుండ కూడా తూచి తింటున్నా.. ఈ క్యాలరీల లెక్క మానేదెలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది నరసరావుపేట. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల కిందట క్యాలరీల యాప్ వేసుకుని 9 కిలోలు తగ్గాను. ఇప్పుడు రోజుకు 1,200 దాటితే టెన్షన్‌తో నిద్ర పట్టదు. అమ్మ పంపిన సున్నుండను కూడా చిన్న కాటా మీద పెట్టి, సగం విరిచి తింటున్నాను. రాత్రిళ్లు మాత్రం వంటల వీడియోలు చూస్తూ కూర్చుంటాను. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. యాప్ తీసేస్తే మళ్లీ లావైపోతానని భయం. ఏం చేయాలి?

జవాబు: ముందు నెలసరి సంగతి చూద్దామమ్మా. తిండి చాలనప్పుడు, గర్భం మోసే శక్తి ఒంట్లో లేదన్నట్టుగా మెదడు అండాశయాలకు పంపే సంకేతాలను తగ్గించేస్తుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోయి ఎముకలు కూడా బలహీనపడతాయి. ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పెరగడం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) వంటి కారణాలేమైనా ఉన్నాయేమో చూస్తారు. యాప్ గురించి దాచకుండా చెప్పండి. మాత్రలతో నెలసరి తెప్పించుకుని సరిపోయిందనుకోవద్దు.

కూర్చుని పనిచేసే 55 కిలోల మహిళకు రోజుకు సుమారు 1,660 క్యాలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క ఇచ్చింది. మీ 1,200 ఎక్కడ, అదెక్కడ? పైగా ఆ 1,200 అయినా నిజమో కాదో! మీ పీజీ వంటమనిషి పప్పు తాలింపులో ఒక చెంచా నూనె ఎక్కువ పోస్తే 40 క్యాలరీలు పెరుగుతాయి. అది యాప్‌కు ఎలా తెలుస్తుంది? అలాంటి అంకె కోసం మీరు నిద్ర పోగొట్టుకుంటున్నారు.

వంటల వీడియోలు చూస్తున్నందుకు సిగ్గుపడకండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరిశీలించారు. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవారు. మీకున్నదీ ఆ ఆకలే.

యాప్‌ను ఒక్కరోజులో తీసేయలేకపోతే ఫర్వాలేదు. ముందు ఆ కాటాను రూమ్మేట్‌కు ఇచ్చేయండి. ఈ వారం పొద్దున టిఫిన్‌ను మాత్రం యాప్‌లో ఎక్కించకండి. ఎవరితోనైనా కలిసి, కబుర్లు చెప్పుకుంటూ తినండి. తిన్నాక గుండెలో గాబరా పుడుతుంది. ఫోన్ ముట్టుకోకుండా కాసేపు ఓర్చుకుంటే అదే తగ్గుతుంది. వచ్చే వారం మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత రాత్రిది. నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండొద్దు. కొంచెం బరువు పెరగొచ్చు, ముందే చెబుతున్నాను. నెలసరి తిరిగి రావాలంటే ఒంటికి ఆ బరువు కావాల్సి రావచ్చు.

ఒంటరిగా చేయలేకపోతే మీరుంటున్న బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, తిన్నది కావాలని కక్కేస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మ పంపిన డబ్బాలో సున్నుండలు ఇంకా ఉన్నాయా? రేపు టిఫిన్ అయ్యాక ఒకటి, విరవకుండా తినండి.