బోర్డు రాయించే ముందు గరిటె కొలుచుకో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విజయవాడలోని నీ హోటల్లో ప్రతి పదార్థం ఎదుట ధరతోపాటు క్యాలరీలు కూడా రాయించాలన్న ఆలోచన నాకు నచ్చింది. అయితే బోర్డు రాసే అతనితో మాట్లాడేశానని, అంకెలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయని రాసిన చోట చదవడం ఆపేసి కాసేపు ఆలోచనలో పడ్డాను. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌ను ఇరవై ఎనిమిదేళ్లు నడిపినవాడిగా చెబుతున్నాను: బోర్డు రాసే అతన్ని ఒక నెల ఆగమను.

చట్టం సంగతి ముందు తేల్చుకుందాం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం, కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లు, పది లేదా అంతకు మించిన చోట్ల శాఖలున్న హోటళ్లు 2022 నుంచి మెనూలో క్యాలరీలు చూపించి తీరాలి. నీకున్నది ఒక్క హోటల్, అదీ రాష్ట్ర లైసెన్సు మీద నడుస్తున్నది కనుక నీమీద ఆ నిర్బంధం లేదు. నువ్వు చేయబోయేది పూర్తిగా ఇష్టపూర్వకమైన పని. అంత మాత్రాన నోటికొచ్చిన అంకె రాసుకోవచ్చని కాదు. అడగకుండా చెప్పిన మాట తప్పయితే, అడిగితే చెప్పిన మాట కంటే ఎక్కువ పరువు తీస్తుంది.

అది నాకు అనుభవం మీద తెలిసింది. మా క్యాంటీన్‌లో ఉప్మా ప్లేటు 280 కిలో క్యాలరీలని (మనం మామూలుగా క్యాలరీలు అనేవి ఇవే) ఎంతో గర్వంగా రాయించాను. ప్లేటుకు 60 గ్రాముల రవ్వ, 8 గ్రాముల నూనె అని లెక్కగట్టి పెట్టిన అంకె అది. మా మాస్టర్ పెళ్లికని ఊరెళ్లినప్పుడు వచ్చిన కొత్త మాస్టర్‌కు తిరగమోతలో నూనె తేలితేనే ఉప్మా అన్నట్టు. ఒక నాడు అనుమానమొచ్చి కొలిపిస్తే ప్లేటుకు 20 గ్రాముల నూనె పడుతోంది, అంటే అసలు లెక్క 390 దాకా పోతోంది. వారం రోజులపాటు నా బోర్డు అబద్ధం చెప్పింది. అందుకే చెబుతున్నాను, బోర్డు మీద అంకె రాయడమంటే ఆ గరిటె ఎవరి చేతిలో ఉన్నా అంతే పడుతుందని గిరాకీకి మాటివ్వడం.

కాబట్టి మొదట ఒక ఎలక్ట్రానిక్ కాటా, ఒక నోటుబుక్కు కొను. ప్రతి పదార్థాన్ని వండక ముందు, పచ్చి సరుకుగా ఉన్నప్పుడే తూచాలి. బియ్యం ఉడికితే దాదాపు మూడింతలు తూగుతుంది, కానీ పెరిగినదంతా నీరే; 100 గ్రాముల బియ్యంలో ఉన్న సుమారు 350 కిలో క్యాలరీలు అన్నమయ్యాక కూడా అంతే ఉంటాయి. ఏ సరుకులో ఎంత శక్తి ఉందో తెలుసుకోవడానికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికలు ఉన్నాయి. మన దినుసులను మన దేశంలోనే పరీక్షించి వేసిన అంకెలవి. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన ఇడ్లీ నీ ఇడ్లీ కాదు.

ఇడ్లీనే తీసుకో. 2 కిలోల ఇడ్లీ రవ్వ, కిలో మినప్పప్పు కలిపితే రవ్వకు 7,000, పప్పుకు సుమారు 3,250, మొత్తం 10,250 కిలో క్యాలరీలు. ఆ పిండికి 160 ఇడ్లీలు వచ్చాయనుకో, ఒక్కొక్కటి 64, మూడిడ్లీల ప్లేటు 192. ఇక్కడితో ఆగి బోర్డు రాస్తే ఎవరూ తప్పు పట్టరేమో గానీ, మన వైపు ఇడ్లీని ఒట్టిగా తినేవాడెవడు? వేరుశనగపప్పులో 100 గ్రాములకు 500 పైచిలుకు ఉంటాయి. ప్లేటుకు 20 గ్రాముల పప్పుతో చేసిన పల్లీ చట్నీ వేస్తే మరో 100 చేరతాయి, పోపు నూనె కూడా కలిపితే ప్లేటు 320 అవుతుంది. కారప్పొడి మీద 10 గ్రాముల నెయ్యి వేస్తే ఇంకో 90. అందుచేత ఇడ్లీ, చట్నీ కలిపి ఒకే అంకె రాసి, నెయ్యి కారప్పొడిని విడిగా చూపించు. రెండోసారి అడిగి వేయించుకున్న చట్నీ మన లెక్కలోకి రాదని సర్వర్లకు తెలిస్తే చాలు.

అసలు తిప్పలన్నీ నూనెతోనే. గ్రాము పిండిపదార్థంలో 4 కిలో క్యాలరీలుంటే గ్రాము నూనెలో 9 ఉంటాయి. ఒక దోశలో పొడి సరుకు 40 గ్రాములుంటే దాని శక్తి 140 దగ్గర ఉంటుంది. పెనం మీద అంచుల వెంట తిప్పి పోసే నూనె 20 గ్రాములైతే అదొక్కటే 180. అంటే దోశలో కంటే దానిమీది నూనెలోనే క్యాలరీలు ఎక్కువన్నమాట. దోశ మాస్టర్‌కు గిన్నెలోంచి చేత్తో చిలకరించే అలవాటు మాన్పించి, కొలత ఉన్న చిన్న గరిటె ఇవ్వు. మొదట కోపగించుకుంటాడు. రుచి పోతుందంటాడు. నాలుగు రోజులు ఓపిక పట్టు, నెలాఖరుకు నూనె డబ్బాల బిల్లు అతనికీ చూపించు.

గారెలు, పూరీలు, బజ్జీల వంటి వాటికి ఈ గరిటె లెక్క పనికిరాదు. వాటికి మూకుడులో పోసిన నూనెను వేయించడానికి ముందు, చల్లారాక తర్వాత తూచి, తగ్గినదాన్ని గారెల సంఖ్యతో భాగించాలి. వంద గారెలకు 900 గ్రాములు తగ్గితే గారెకు 9 గ్రాములు, అంటే నూనె నుంచే 81. నూనె సరిగా కాగని రోజు గారెలు ఎక్కువ పీలుస్తాయి కనుక, ఒక్క రోజు కొలతతో సరిపెట్టుకోకుండా మూడు నాలుగు వాయిల సగటు తీసుకో.

ఫుల్ మీల్స్‌కు మాత్రం అంకె వేయకు. అడిగినంత వడ్డించే చోట ఎంత రాసినా తప్పే అవుతుంది. ప్లేట్ మీల్స్‌కు కొలత కప్పులు ఉంటాయి కాబట్టి దానికి రాయవచ్చు. గిరాకీ కోరిక మీద మార్చి చేసే వంటకాలకు పెద్ద సంస్థలకు సైతం మినహాయింపు ఉంది.

బోర్డు రాయించేటప్పుడు అంకెను ధర పక్కనే, ధరంత పెద్దగా రాయించు. పక్కన 'కి.క్యా.' అని తప్పక ఉండాలి, లేకపోతే ఇడ్లీ 320 రూపాయలా అని గల్లాపెట్టె దగ్గర గొడవకొస్తారు. 318 అని కాకుండా 320 అని పదులకు సవరించు. మన కొలతకు అంతకంటే ఖచ్చితత్వం లేదు. పెద్ద హోటళ్లు రాయవలసినట్టే, సగటు వయోజనుడికి రోజుకు 2,000 కిలో క్యాలరీలు కావాలని, మనిషిని బట్టి అవి మారుతాయని అడుగున ఒక వరుస వేయించు. 'షుగర్ వారికి మంచిది' వంటి మాటలు మాత్రం వద్దు. క్యాలరీలు తక్కువైనంత మాత్రాన రక్తంలో చక్కెర పెరగదని కాదు, పైగా ఆ మాట అనవలసింది వైద్యులు. తిండి లెక్కలు చూస్తేనే మనసు కలతపడేవారు కూడా ఉంటారు కనుక, అంకెలు లేని మెనూ కార్డులు నాలుగైదు లోపల ఉంచు. ఇంగ్లండులో కోరినవారికి అలాంటి కార్డు ఇవ్వడానికి నిబంధనలే వీలు కల్పించాయి.

దీనివల్ల జనం తక్కువ తింటారా అని అడిగావు. ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఇటువంటి అధ్యయనాలు ఇరవై ఐదింటిని కలిపి చూసి 2025లో వెలువడిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, 600 కిలో క్యాలరీల భోజనంలో తగ్గేది సగటున 11 మాత్రమేనని తేల్చింది. ఇంగ్లండులో 2011 నుంచి ఇష్టమైనవారు రాయవచ్చని వదిలి చూశారు. రాసినవారు రాశారు, తక్కినవారు ఊరుకున్నారు, చివరికి 2022 ఏప్రిల్‌లో 250 మంది లేదా అంతకు మించి పనివారున్న సంస్థలకు తప్పనిసరి చేశారు. నా మట్టుకు నేను చూసిన మార్పు గిరాకీలో కంటే వంటింట్లోనే ఎక్కువ. అంకె నలుగురికీ కనబడుతుందని తెలిశాక మా మాస్టర్ తిరగమోత గరిటెను తనంతట తానే తగ్గించాడు.

మాస్టర్ మారినా, గరిటె మారినా, ప్లేటు సైజు మారినా మళ్లీ తూచి తేదీతో నోటుబుక్కులో రాయి. డెలివరీ యాప్‌లో పెట్టే అంకె, బోర్డు మీది అంకె ఒకటేనా అని కూడా చూసుకో. పార్సిల్‌లో చట్నీ ఎక్కువ కడతారు. దసరాకు నేను వస్తున్నాను. అప్పటికి ఇడ్లీ, దోశ, పూరీ, ఈ మూడింటి లెక్కలు రాసి ఉంచు, కాటా ముందు కూర్చుని ఇద్దరం సరిచూద్దాం. అక్కకు నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య