తాతయ్య మాట్లాడటం తగ్గించారంటే

“మా తాతయ్య రోజూ తన ఉద్యోగం కబుర్లే చెప్తారు. ఇంట్లో ఎవరికీ వినే ఓపిక లేదు. ఈమధ్య ఆయన మాట్లాడటమే తగ్గించేశారు. ఏం చేయాలి?” అని అడిగారు కదా. చెప్పిందే చెప్తున్నారని మీరు కంగారు పడకండి. మాట తగ్గిందన్నారు చూడండి, టెన్షన్ పడాల్సింది దానికి.

మా పెద్దనాన్న సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నిజాం రైల్వే 1893లో మొదలుపెట్టిన వర్క్‌షాప్ అది. మెట్టుగూడ, లాలాగూడల్లో ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టింది. నవంబర్ వచ్చిందంటే పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అందుకని పోయిన నవంబర్‌లో ఆయనతో బ్యాంకుకు వెళ్ళాను. వేలిముద్ర మిషన్ ఆయన వేళ్ళను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టదు కూడా. జీవితమంతా ఇనుముతో పనిచేసిన చేతులు, పైగా వయసు. చూపుడు వేలి కొస నున్నగా, గీత అనేదే లేకుండా మెరుస్తుంటుంది. కౌంటర్‌లో అబ్బాయి నా వైపు చూసి, “మేడం, ఆయన్ని గట్టిగా నొక్కమనండి” అన్నాడు. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు! తర్వాత “ఆయనకు ఆధార్ అప్‌డేట్ చేయించారా?” అని మళ్ళీ నన్నే అడిగాడు.

పెద్దనాన్న మెల్లగా, “కాగితం ఫారం ఉంటది గదా బాబూ, అది ఇయ్యి, సంతకం పెడ్త” అన్నారు. ఆ అబ్బాయి మిషన్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు. పెద్దనాన్న ఇంకోసారి అన్నారు. వెనక లైన్లో ఎవరో “పెద్దాయన్ని పక్కకు కూర్చోబెట్టండమ్మా” అన్నారు. అప్పుడు నేను గొంతు పెంచి, “కాగితం ఫారం ఇవ్వండి, ఆయన సంతకం చేస్తారు” అన్నాను. “అవును మేడం, అలా కూడా చేయొచ్చు” అని సొరుగులోంచి ఫారం తీశాడు. ఆయన నోట్లోంచి వచ్చినప్పుడు పట్టించుకోని మాటే, నా నోట్లోంచి వచ్చేసరికి పనికొచ్చింది. బయటికొచ్చాక పెద్దనాన్న, “ఈసారి నువ్వే అడుగు బిడ్డా, నేనెందుకు మాట్లాడుడు” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ తాతయ్య మౌనం కూడా ఇలాంటి చోటే మొదలై ఉంటుందని గట్టిగా నమ్ముతున్నాను.

ఆస్పత్రిలోనూ ఇదే తంతు. “అమ్మకు నిద్ర పడుతోందా?” అని డాక్టరు కొడుకును అడుగుతాడు, కొడుకు “పడుతోంది సార్” అంటాడు. రాత్రంతా మేలుకుని ఉన్న ఆవిడ ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంటుంది. అపార్ట్‌మెంట్లలో నీళ్ళు రావన్న సంగతి వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటారు, స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్ళు ఖాళీ బకెట్లు చూసుకోవాలి. రైళ్ళలో అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్ళకు 50 శాతం టికెట్ రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపేశారు, కరోనా పోయినా అది తిరిగి రాలేదు. పెద్దనాన్నకైతే రైల్వే పాస్ ఉంది. నెల ఖర్చు చూసుకుని బతికే మిగతావాళ్ళు చుట్టాల ఇళ్ళకు వెళ్ళడమే తగ్గించుకున్నారు. మనుషులు దూరమైపోతారంటే కారణాలు ఇలాంటివే.

ఇంకో సంగతి. ముందు తాతయ్యకు చెవి పరీక్ష చేయించండి. వయసుతో వచ్చే చెవుడులో సన్నని ధ్వనులు ముందు పోతాయి. స, శ, త లాంటివి కలిసిపోయి, మాట వినిపిస్తుంది కానీ ఏమన్నారో తెలియదు. అందుకే “అరిచినా వినపడదు ఈయనకి” అంటాం. అరిస్తే స్పష్టత రాదు, కోపం మాత్రం తెలుస్తుంది. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా నిదానంగా మాట్లాడండి. ఒకవేళ ఆయన పొద్దున తిన్నది గుర్తులేదన్నా, తెలిసిన వీధిలో దారి తప్పినా అది వేరే విషయం. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఇరుగుపొరుగులో ఎవరినైనా పిల్లలు వదిలేశారనిపిస్తే 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం కూడా వచ్చింది. ట్రిబ్యునల్‌కు వెళ్తే పిల్లల చేత భరణం ఇప్పిస్తుంది.

ఇక అవే కబుర్లంటారా, మీరు తర్వాతి ప్రశ్న వేయకపోతే కథ అక్కడే తిరుగుతుంది. పెద్దనాన్న ఎప్పుడూ “సుత్తితో కొట్టి చక్రం చూసేటోళ్ళం” అనేవారు, అందరూ తలూపేవాళ్ళు. ఒకరోజు “కొడితే ఏం తెలుస్తుంది పెద్దనాన్నా?” అని అడిగాను. వెంటనే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి, “మంచి చక్రం గిట్ల ఖంగున మోగాలె” అన్నారు. అదే గ్లాసును పిడికిట్లో పట్టుకుని మళ్ళీ కొట్టి, “పగులుంటే గిట్ల మొద్దుగ వస్తది” అని చూపించారు. రాత్రి డ్యూటీలో చలికి చెవులు కట్టుకుంటే మేస్త్రీ ఎందుకు తిట్టేవాడో కూడా అప్పుడే చెప్పారు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరం విననిది.

కాబట్టి ఈ ఆదివారం తాతయ్య దగ్గర కూర్చుని “మొదటి జీతం ఎంత, ఎవరి చేతికిచ్చారు, డ్యూటీకి దేనిమీద వెళ్ళేవారు, పక్కన ఎవరు పనిచేసేవారు” అని అడగండి. ఎవరైనా ఆయన గురించి మిమ్మల్ని అడిగితే, “తాతయ్యనే అడగండి” అనండి.