డేటా లాగర్ మెమరీ గురించి మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రతను, తేమను నిమిషానికొకసారి నమోదు చేసే లాగర్ తయారు చేస్తున్నానని, మెమరీని ఎలా అమర్చాలో చెప్పమని రాశావు. ప్రోగ్రాము రాయడానికి ఏది సులువో చూసి కాక, నీవు ఎంచుకున్న డబ్ల్యూ25క్యూ64 ఫ్లాష్ చిప్ స్వభావాన్ని చూసి ఆ అమరిక నిర్ణయించుకో.

ఆ చిప్‌లో 8 మెగాబైట్ల చోటుంది. రాయడం 256 బైట్ల పేజీలో జరుగుతుంది. చెరపాలంటే మాత్రం కనీసం 4,096 బైట్ల సెక్టార్‌ను మొత్తంగా చెరపాలి. చెరిపిన చోట బిట్లన్నీ ఒకట్లుగా ఉంటాయి, రాసినప్పుడు వాటిలో కొన్ని సున్నాలవుతాయి, ఆ సున్నాలు మళ్లీ ఒకట్లు కావాలంటే చెరపడం తప్ప దారి లేదు.

ఒక్కో రికార్డును 16 బైట్లకు కుదించు: వరుస సంఖ్యకు 4, సమయానికి 4, ఉష్ణోగ్రత, తేమ, బ్యాటరీ వోల్టేజీ, సీఆర్‌సీలకు (రికార్డు చెడిందో లేదో పట్టిచ్చే తనిఖీ సంఖ్య సీఆర్‌సీ) రెండేసి. ఇంకొక్క విలువ చేర్చి 18 చేద్దామనిపిస్తుంది; అప్పుడు పదిహేనో రికార్డు పేజీ అంచు దాటుతుంది, దాటిన బైట్లు తరువాతి పేజీకి పోకుండా అదే పేజీ మొదటికి వచ్చి పాత రికార్డును పాడు చేస్తాయి. ఉష్ణోగ్రతను డిగ్రీలో నూరో వంతుల లెక్కన పూర్ణాంకంగా దాచు. సెన్సార్ పలకనప్పుడు సున్నా రాయవద్దు, ఎందుకంటే శీతల గిడ్డంగిలో సున్నా డిగ్రీలంటే ఎవరైనా నమ్ముతారు, -32768 రాయి.

అందరూ తడబడేది తరువాత ఎక్కడ రాయాలో గుర్తుంచుకునే దగ్గర. ఆ చిరునామాను ఒకే సెక్టార్‌లో పెట్టి, నిమిషానికోసారి చెరిపి రాస్తే, చిప్‌కు హామీ ఇచ్చిన లక్ష చెరుపులు దాదాపు 69 రోజుల్లో పూర్తవుతాయి. అసలు దాన్ని దాచనే వద్దు. ప్రతి సెక్టార్ మొదటి 16 బైట్లలో ఒక గుర్తును, సెక్టార్ వరుస సంఖ్యను రాసి, మిగిలిన చోట 255 రికార్డులు నింపు. లాగర్ మేల్కొనగానే ఆ శీర్షికలన్నీ చదివి, అతి పెద్ద సంఖ్య ఉన్న సెక్టార్‌లో తొలి ఖాళీని వెతుక్కుంటుంది. మొత్తం 2,048 సెక్టార్లను చక్రంలా తిప్పితే సుమారు 362 రోజుల రీడింగులు ఎప్పుడూ చేతిలో ఉంటాయి. ఇప్పటి సెక్టార్ నిండక ముందే తరువాతిదాన్ని చెరిపి సిద్ధంగా ఉంచు. దానివల్ల పోయేది అతి పాతవైన నాలుగుంపావు గంటల రీడింగులే.

బ్యాటరీ ఏ క్షణంలోనైనా చచ్చిపోవచ్చన్నది మరువకు. సీఆర్‌సీ సరిపోని రికార్డును వదిలేసి ముందుకు సాగు, ఆ చోట మళ్లీ రాయాలని చూడకు, సగం రాసిన బిట్లు ఒకసారి ఒకలా, ఇంకోసారి మరోలా పలుకుతాయి. గుర్తును చెరుపు పూర్తయ్యాకే రాయాలి. గుర్తు లేని సెక్టార్‌ను ఖాళీగా కనిపించినా సరే, వాడే ముందు మళ్లీ చెరిపేయాలి. చెరుపుకు పదుల మిల్లీసెకన్లు పడుతుంది కనుక, సరిగ్గా ఆ మధ్యలో కరెంటు తీసేసేలా ఒక చిన్న రిలేతో పరీక్షా పరికరం కట్టి, రాత్రంతా నడిపి, పొద్దున వరుస సంఖ్యల్లో ఎక్కడ తెగిందో చూసి నాకు రాయి.

ఇట్లు,
మామయ్య