సగం రోజు నుంచి పూర్తి రోజుకు

ప్రశ్న: గుంటూరులోని ఒక ప్రచురణ సంస్థలో నాలుగేళ్లుగా రోజుకు నాలుగు గంటలు ప్రూఫులు దిద్దుతున్నాను. నేను అడగకుండానే, వచ్చే నెల నుంచి నన్ను పూర్తికాలపు ఉద్యోగినిగా తీసుకుంటామని యాజమాన్యం చెప్పింది. సంతోషమే గాని, నాకంటే ముందు చేరిన అక్కకు ఈ అవకాశం రాలేదన్న బాధ, సాయంత్రాలు అత్తగారిని ఎవరు చూసుకుంటారన్న దిగులు వదలడం లేదు. ఒప్పుకోవాలా?

జవాబు: ఎదురుచూడనిది వచ్చినప్పుడు సంతోషంతో పాటు బెంగ కూడా కలుగుతుంది, దాన్ని కృతఘ్నతగా భావించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆ అక్కగారికి మీరు అన్యాయమేమీ చేయలేదు, అయినా ఈ వార్త ఆమెకు మీ నోటి నుంచే తెలియడం మర్యాద.

నా ఉద్దేశంలో ఒప్పుకోవడమే మేలు. అయితే ముందుగా నియామక పత్రం అడిగి తీసుకొని, మూలవేతనం, పనివేళలు, ప్రావిడెంట్ ఫండ్ వివరాలు చూడండి. సాధారణంగా మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 12 శాతం మీ జీతం నుంచి మినహాయిస్తారు, యజమాని కూడా అంతే చెల్లిస్తారు, ఆ వాటాలో కొంత పింఛను పథకానికి వెళుతుంది, నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు కావాలి. కాబట్టి చేతికందే జీతం ఒక్కటే లెక్కవేసుకోకండి. గడచిన నాలుగేళ్లకు ఏమైనా జమ అయిందో కూడా అడగండి.

అత్తగారి సంగతి మీరొక్కరే మోయవలసినది కాదు. మీ వారితో కూర్చొని సాయంత్రం ఎవరు ఇంటికి త్వరగా రాగలరో తేల్చుకోండి. కుదరకపోతే, ఉదయం గంట ముందు వచ్చి సాయంత్రం గంట ముందు వెళ్లే వీలును ఒప్పుకునేముందే అడగండి.